తప్పు చేతిదా? మీటదా?

2021 మే నెల. ఆ రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఇంటింటా ఎవరో ఒకరు తలుపు దగ్గరగా వేసుకుని ఒంటరిగా పడుకున్న రోజులు. మా ఇంట్లో మావయ్యగారు. నాలుగు గంటలకోసారి ఆయన వేలికి ఆక్సీమీటరు తగిలించడం, అందులో వచ్చిన అంకెని పాత నోటు పుస్తకంలో రాయడం నా పని. 94 కంటే తగ్గితే వెంటనే ఫోన్ చెయ్యమని డాక్టరుగారు చెప్పారు.

ఆరో రోజు రాత్రి. రోజూ నిలబడే వైపు కాకుండా మంచానికి తలవైపు నిలబడి చూశాను. మీటరులో రెండు అంకెలు. 101, 98. వంద దాటింది నాడి అయ్యుంటుంది, 98 ఆక్సిజన్. హమ్మయ్య అనుకున్నాను. పుస్తకంలో రాశాను. ఊళ్లో లేని మా వారికి పంపుదామని సెల్‌ఫోన్‌తో ఒక ఫొటో కూడా తీశాను.

బయటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే మా అమ్మాయి ఆ ఫొటో చూస్తోంది. దానికి అప్పుడు తొమ్మిదేళ్లు. "అమ్మా, ఇదేంటి, ఇంగ్లీషు అక్షరాలు తలకిందులుగా ఉన్నాయి?" అంటూ ఫోన్‌ని తిప్పింది.

98 కాదు. 86.

అంబులెన్స్ వచ్చింది. పది రోజులు ఆక్సిజన్ మీద ఉండి మావయ్యగారు ఇంటికొచ్చారు. అది మా అదృష్టం. కానీ ఆ 98 నన్ను చాలా రోజులు వదల్లేదు. 'డిగ్రీ చదివావు, రెండు అంకెలు చూసి రాయడం రాలేదా?' అని ఎవరూ అనలేదు. నన్ను నేనే అనుకున్నాను.

మా స్నేహితురాలొకామె గైనకాలజిస్టు. ఒకసారి ఈ సంగతి చెప్పుకుని కళ్లు తుడుచుకుంటే, ఆవిడ ఓదార్చలేదు. కోప్పడింది. "కాగితం మీద 86 అని రాసి తిప్పి చూడు. ఎటువైపు నుంచైనా చూసే వస్తువు మీద, తిరగేస్తే ఇంకో అంకెలా కనిపించేట్టు పెట్టినవాణ్ని వదిలేసి నిన్ను నువ్వు తిట్టుకుంటావేం? అంకె కింద ఒక గీత గీసినా సరిపోయేదిగా! మా థియేటర్లోకొచ్చి చూడు, ఇలాంటివి ఎన్నో" అంది.

ఆ మాట పట్టుకుని చదవడం మొదలుపెట్టాను. ఆపరేషన్ థియేటర్లో మీటలు, బటన్లు, పెడల్సు, తెరలు ఎలా ఉండాలో ఆలోచించడమే ఉద్యోగంగా చేసేవాళ్లు ఉన్నారని అప్పుడే తెలిసింది. వాళ్లు ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటే: తప్పు చేతిదా, మీటదా?

యంత్రానికీ ఒక ముఖం

గ్యాస్ స్టవ్ సంగతే చూడండి. నాబ్ నొక్కి తిప్పితే గానీ వెలగదు. చీర కుచ్చిళ్లు తగిలినా, పసివాడు చెయ్యి వేసినా గ్యాస్ వదలకూడదని ఎవరో ముందే ఆలోచించి పెట్టిన ఏర్పాటది. మరి నాలుగు బర్నర్ల స్టవ్ మీద నాలుగు నాబ్‌లు వరసగా ఉంటాయే, ఏది దేనిదో ఎన్నిసార్లు తడబడతాం! పాలగిన్నె కింద మంట తగ్గించబోయి పప్పు కింద ఆర్పెయ్యని ఇల్లాలు ఉంటుందా?

యంత్రం లోపల ఏముందో మనకి తెలియదు. మనకి కనిపించేది, మన చేతికి తగిలేది దాని ముఖమే. అది ఏం చెబుతోందో మనకి అర్థం కావాలి. మనం ఏం చెబుతున్నామో దానికీ అర్థం కావాలి. ఈ ముఖాన్నే ఇంజనీర్లు 'యూజర్ ఇంటర్‌ఫేస్' అంటారు.

వంటింట్లో తడబడితే పప్పు మాడుతుంది. థియేటర్లో తడబడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? పైగా అక్కడి పరిస్థితులు వేరు. సర్జను చేతులకి గ్లవ్స్. ఆ చేతులతో శుద్ధి చేసిన వస్తువుల్ని తప్ప దేన్నీ ముట్టుకోకూడదు. కళ్లు కోసిన చోటు మీద. లాపరోస్కోపీ అయితే గదిలో దీపాలు కూడా తగ్గిస్తారు. యంత్రం బటన్ నొక్కేది చాలాసార్లు సర్జను కాదు, పక్కనున్న నర్సు. చెప్పేది ఒకరు, నొక్కేది ఒకరు, ఫలితం అనుభవించేది మత్తులో ఉన్న మూడో మనిషి.

విమానం నేర్పిన పాఠం

ఈ ఆలోచన ఆస్పత్రిలో పుట్టలేదు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అమెరికా బీ-17 బాంబర్లు క్షేమంగా నేల మీద దిగాక ఉన్నట్టుండి పొట్ట మీద కూలబడుతూ ఉండేవి. దిగిన తర్వాత రెక్కల చివరి పలకల్ని సర్దాల్సిన పైలట్లు, పొరపాటున చక్రాల్ని లోపలికి ముడిచేసేవారు. పైలట్లు అజాగ్రత్తగా ఉన్నారని అందరూ అనుకున్నారు.

ఆల్ఫోన్స్ చపానిస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త వెళ్లి పైలట్ సీటు ముందు చూశాడు. రెండు స్విచ్‌లూ ఒకే ఆకారం, పక్కపక్కనే. ఆయన చేసింది చాలా చిన్న పని. చక్రాల మీట చివర చిన్న రబ్బరు చక్రం, రెండో మీట చివర రెక్కలా ఉండే చీలిక పెట్టించాడు. చీకట్లోనైనా, చూడకుండానైనా, ముట్టుకుంటే ఏది ఏదో తెలుస్తుంది. ఆ తప్పులు ఆగాయి. పైలట్లు మారలేదు, మీట మారింది.

మత్తు డాక్టరు చేతి కింద

ఈ పాఠాన్ని ముందుగా వంటబట్టించుకున్నది మత్తు డాక్టర్లే అని చెప్పొచ్చు. వాళ్ల యంత్రంలో ఆక్సిజన్‌తో పాటు నైట్రస్ ఆక్సైడ్ అనే గ్యాస్ కూడా వస్తుంది. ఒకటి ప్రాణం నిలుపుతుంది, రెండోది నొప్పి తెలియకుండా చేస్తుంది. ఒకదాని బదులు ఇంకొకటి వెళ్తే మనిషి దక్కడు.

అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆస్పత్రిలో జెఫ్రీ కూపర్ అనే ఇంజనీరు ఉండేవాడు. ఆయన, సహచరులు కలిసి 47 మంది మత్తు డాక్టర్లని కూర్చోబెట్టి, మీ చేతుల్లో జరిగిన పొరపాట్లు, తృటిలో తప్పిపోయిన గండాలు చెప్పమన్నారు. 359 సంఘటనలు బయటికొచ్చాయి. 1978లో అచ్చయిన ఆ అధ్యయనం ప్రకారం 82 శాతం మనుషుల పొరపాట్లు. యంత్రం నిజంగా చెడిపోయినవి 14 శాతమే.

ఇక్కడితో ఆగితే 'మనుషులే తప్పు' అని తీర్పు చెప్పేసి ఊరుకోవచ్చు. వాళ్లు ఆగలేదు. ఆ పొరపాట్లు ఏ రూపంలో జరిగాయో విడదీశారు. గొట్టం ఊడిపోయినా తెలియకపోవడం, ఒక మీట బదులు ఇంకోటి తిప్పడం, ఒక సిరంజి బదులు ఇంకోటి తీసుకోవడం. ఆ రోజుల్లో అన్ని యంత్రాలూ ఒక తీరున ఉండేవి కావు. మందు పెంచాలంటే ఒకదానిలో మీట ఇటు తిప్పాలి, ఇంకోదానిలో అటు. పొద్దున ఒక థియేటర్లో, సాయంత్రం ఇంకో థియేటర్లో పనిచేసే డాక్టరు చెయ్యి ఎన్నింటినని గుర్తుపెట్టుకుంటుంది?

ఇప్పటి యంత్రం దగ్గరికి వెళ్తే ఆక్సిజన్ నాబ్ మిగతావాటికంటే పెద్దగా, కాస్త ముందుకి పొడుచుకొచ్చి, చుట్టూ లోతైన గాళ్లతో ఉంటుంది. కళ్లు మూసుకుని ముట్టుకున్నా అదే ఆక్సిజన్ అని తెలుస్తుంది. మత్తుమందు ఆవిరి పెంచాలంటే ఏ కంపెనీ యంత్రంలోనైనా మీటని గడియారానికి ఎదురు దిశలోనే తిప్పాలి. కొన్ని యంత్రాల్లో ఆ రెండు గ్యాసుల మీటలకీ చిన్న గొలుసు కట్టారు. నైట్రస్ ఆక్సైడ్ పెంచుతూ పోతే ఒక హద్దు దాటాక ఆక్సిజన్ మీట కూడా దానంతట అదే తిరుగుతుంది. ఇక సిలిండర్ మెడ మీద రెండు చిన్న రంధ్రాలుంటాయి, యంత్రం వైపు రెండు పిన్నులు. ఒక్కో గ్యాసుకి వాటి చోటు వేరు. నైట్రస్ సిలిండర్ని ఆక్సిజన్ చోట పెడదామన్నా అమరదు. 1950ల తొలినాళ్ల నుంచీ ఉన్న ఏర్పాటిది.

'జాగ్రత్త' అని బోర్డు రాసి పెట్టడం ఒక పద్ధతి. తప్పు చెయ్యబోయినా కుదరనివ్వకపోవడం ఇంకో పద్ధతి. రెండోదే మేలు కదూ!

చెవికి చెప్పే గొంతు

నన్ను ఏడిపించిన ఆక్సీమీటరు అసలు కథ కూడా ఇక్కడే చెప్పాలి. దాని సూత్రం కనిపెట్టింది జపాన్‌కి చెందిన టకువో ఔయాగి. నిహాన్ కోడెన్ అనే కంపెనీలో ఇంజనీరు. గుండె ఎంత రక్తం తోడుతోందో చెవి దగ్గర కాంతి పంపి కొలవాలనుకుంటే నాడి కొట్టుకోవడం అడ్డం వస్తుండేది. ఆ అడ్డాన్ని ఎలా తొలగించాలా అని తంటాలు పడుతూ, అందులోనే ఆక్సిజన్ లెక్క ఉందని ఆయన పట్టుకున్నాడు. అది 1974. ప్రపంచమంతా ఆ మీటర్ల కోసం మందుల షాపుల ముందు క్యూ కట్టడం మొదలైన 2020లోనే, ఏప్రిల్ 18న ఆయన కన్నుమూశారు.

1980ల్లో నెల్‌కార్ అనే అమెరికన్ కంపెనీ దాన్ని థియేటర్లోకి తెచ్చింది. ఆ కంపెనీ స్థాపించిన వాళ్లలో ఒకరైన విలియం న్యూ స్వయంగా మత్తు డాక్టరు. అందుకేనేమో ఆ యంత్రానికి అంకెతో పాటు ఒక గొంతు కూడా ఇచ్చారు. గుండె కొట్టుకున్నప్పుడల్లా 'బీప్' అంటుంది. ఆక్సిజన్ తగ్గుతున్న కొద్దీ ఆ బీప్ శ్రుతి దిగుతుంది. సర్జను కుట్లు వేస్తూనే, నర్సు దూది అందిస్తూనే, తల ఎత్తకుండా శ్రుతి తగ్గడం వింటారు. సంగీతం రానివాళ్లకి కూడా అర్థమవుతుంది.

కుక్కర్ ఎన్ని కూతలు కూసిందో ముందు గదిలో కూర్చుని లెక్కపెట్టే మనకి ఇది కొత్త కాదు. కన్ను ఒక చోటే చూడగలదు, చెవికి నాలుగు దిక్కులూ వినిపిస్తాయి. ఆ రాత్రి నా చేతిలో ఉన్న మీటరుకి ఈ గొంతు లేదు.

కాలి కింద రెండు పెడల్స్

చేతులు ఖాళీ లేని చోట కాళ్లకి పని చెప్పాల్సిందే. మన డాక్టర్లు 'కాటరీ' అనే పరికరం ఒకటుంది. కరెంటుతో కోస్తుంది, రక్తం కారే చోటుని గడ్డకట్టించి ఆపుతుంది. విలియం బోవీ తయారుచేసిన యంత్రంతో హార్వే కుషింగ్ అనే సర్జను 1926 అక్టోబరు 1న బోస్టన్‌లో ఆపరేషన్ చేశాక అది ప్రపంచమంతా పాకింది. దానికి బల్ల కింద రెండు పెడల్స్. పసుపు పెడల్ కోయడానికి, నీలం పెడల్ రక్తం ఆపడానికి. ఏది నొక్కితే ఏ శబ్దం రావాలో కూడా వేరువేరుగా పెట్టారు. కాలు పొరపాటు పడితే చెవి పట్టుకుంటుంది.

'రంగులుంటే చాలదా, శబ్దం దేనికి?' అనిపించొచ్చు. బల్ల కింద, గుడ్డల చాటున, తడి నేల మీద ఉన్న పెడల్ రంగు ఎవరు చూస్తారు? కుట్టుమిషన్ తొక్కుతున్నప్పుడు మనం కిందికి చూస్తామా? అందుకే ఒక కబురుని కంటికి ఒకసారి, చెవికి ఒకసారి, స్పర్శకి ఒకసారి చెప్పాలంటారు డిజైనర్లు.

రోబో సర్జరీ గురించి ఇప్పుడు పట్నాల్లో పెద్ద పెద్ద బోర్డులు చూస్తున్నాం. 2000లో అమెరికాలో అనుమతి పొందిన 'డా విన్సీ' యంత్రంలో సర్జను రోగికి దూరంగా కూర్చుని, పెట్టెలాంటి దానిలోకి చూస్తూ వేళ్లు కదుపుతాడు. వేళ్లు ఎక్కువగా కదిలినా లోపలి పరికరం కొద్దిగానే కదిలేట్టు అమర్చుకోవచ్చు. చెయ్యి వణికితే ఆ వణుకుని వడకట్టేస్తుంది. సర్జను తల పక్కకి తీస్తే పరికరాలు ఉన్నచోటే ఆగిపోతాయి. ఎవరో పిలిస్తే తల తిప్పి, చెయ్యి కదిపేయడం మనిషి సహజం కదా, అందుకని. చాలా ఏళ్లు వాటికి లేనిది స్పర్శ. దారం ఎంత గట్టిగా లాగుతున్నారో చేతికి తెలిసేది కాదు, కంటితో చూసి ఊహించుకోవాల్సిందే. 2024 మార్చిలో అనుమతి వచ్చిన డా విన్సీ 5తో ఆ ఒత్తిడి చేతికి కొంత తెలిసే ఏర్పాటు వచ్చింది.

'మాల్‌ఫంక్షన్ 54'

ఆపరేషన్ యంత్రం కాదు గానీ, ఈ రంగంలోకి వచ్చే ప్రతివారికీ చెప్పే కథ ఒకటుంది. థెరాక్-25 అని కెనడాలో తయారైన రేడియేషన్ యంత్రం. 1986 మార్చిలో అమెరికాలోని టెక్సాస్‌లో ఒక ఆపరేటరు, మహిళ, క్యాన్సర్ రోగికి చికిత్స వివరాలు టైపు చేస్తోంది. 'ఈ' అనే అక్షరం కొట్టాల్సిన చోట 'ఎక్స్' కొట్టింది. వెంటనే చూసుకుని వెనక్కి వెళ్లి దిద్దింది. అనుభవం ఉన్న మనిషి, వేళ్లు చకచకా కదిలాయి. తెర మీద అంతా సరిగ్గానే కనిపించింది.

లోపల మాత్రం సరిగ్గా లేదు. ఆమె అంత వేగంగా దిద్దుతుందని ప్రోగ్రామ్ రాసినవాళ్లు ఊహించలేదు. మీట నొక్కగానే తెర మీద 'మాల్‌ఫంక్షన్ 54' అని వచ్చింది. అంటే ఏమిటో ఆ తెర చెప్పదు. పుస్తకంలో చూసినా అర్థమయ్యే వివరం లేదు. ప్రమాదమా, మామూలు చికాకా? చిన్నచిన్న కారణాలకి ఆగడం ఆ యంత్రానికి అలవాటే కాబట్టి, కొనసాగించమని ఒక్క అక్షరం నొక్కింది. లోపల రోగి విలవిల్లాడిపోయాడు. ఆ గదిలో మాటలు వినిపించే ఇంటర్‌కమ్ ఆ రోజు పనిచెయ్యడం లేదు. కొన్ని నెలలకి ఆయన చనిపోయాడు.

1985, 1987 మధ్య ఆ యంత్రాలతో ఇలాంటి ప్రమాదాలు ఆరు జరిగాయి. తయారీదారులు మొదట్లో తమ యంత్రం అలా చెయ్యదన్నారు. చివరికి గుట్టు విప్పింది ఎవరనుకున్నారు? నెల తిరక్కుండా అక్కడే రెండో ప్రమాదం జరిగాక, తను ఏ అక్షరం ఎప్పుడు కొట్టిందో గుర్తు తెచ్చుకుని, ఆస్పత్రి భౌతిక శాస్త్రవేత్త పక్కన కూర్చుని, ఆ తప్పు మళ్లీ వచ్చేదాకా కొట్టి చూపించిన ఆ ఆపరేటరే. తప్పు ఆమె వేళ్లది అని ఊరుకుని ఉంటే ఇంకెన్ని ప్రాణాలు పోయేవో!

అరిచి అరిచి...

పొరుగింటి కారు అలారం రోజూ అరుస్తుంటే మూడో రోజు నుంచీ మనం కిటికీలోంచి కూడా చూడం. ఆస్పత్రిలోనూ అంతే. ప్రతి యంత్రం ప్రతి చిన్నదానికీ కూస్తుంటే, నిజమైన కూత ఆ గోలలో కలిసిపోతుంది. అమెరికాలో ఆస్పత్రులకి గుర్తింపు ఇచ్చే జాయింట్ కమిషన్ 2013లో ఒక హెచ్చరిక విడుదల చేసింది. 2009 జనవరి నుంచి 2012 జూన్ వరకూ అలారంలకి సంబంధించి తమ దృష్టికొచ్చిన 98 సంఘటనల్లో 80 మంది చనిపోయారని అందులో చెప్పారు.

ఏ అలారం దేనికో తెలియడానికి ఒక్కోదానికీ చిన్న రాగం పెట్టి చూశారు. నర్సులకి ఏ రాగం దేనిదో గుర్తుండలేదు. ఇంగ్లండ్‌లోని ప్లిమత్ విశ్వవిద్యాలయంలో జూడీ ఎడ్‌వర్తీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఏళ్ల తరబడి దీని మీదే పనిచేశారు. ఆవిడ వాదన సులువైనది. రాగాన్ని బట్టీ పట్టించడం దేనికి, విషయాన్ని తలపించే శబ్దమే పెడితే పోదా? గుండె సంగతైతే గుండె చప్పుడు, మందు సంగతైతే మాత్రల సీసా గలగలలాడిన శబ్దం. ఈ రకం శబ్దాలకి 2020లో అంతర్జాతీయ ప్రమాణాల్లో చోటు దక్కింది.

ఎవరి చేతికి కొలత?

మా స్నేహితురాలి గ్లవ్ సైజు 6. "లాపరోస్కోపీ స్టేప్లర్ పిడి నా గుప్పిట్లో పట్టదు. మగ డాక్టర్లు ఒంటి చేత్తో నొక్కేది నేను రెండు చేతులతో నొక్కుతాను. బల్ల ఎత్తు కూడా అంతే, పీట వేసుకుని నిలబడతాను. చదువుకునే రోజుల్లో 'నీకు బలం చాలదమ్మా' అనేవారు. నిజమే కాబోలు అనుకునేదాన్ని" అంది.

ఇది ఆవిడ ఒక్కరి బాధ కాదు. 726 మంది లాపరోస్కోపిక్ సర్జన్లని అడిగి 2004లో ప్రచురించిన ఒక సర్వేలో, చేతులు చిన్నవైన వాళ్లు పరికరాలతో ఎక్కువ ఇబ్బంది పడుతున్నారని తేలింది. ఆడవాళ్ల చేతులే ఎక్కువగా చిన్నవి కాబట్టి ఎవరి మీద భారం పడుతోందో వేరే చెప్పక్కర్లేదు. చేతికి సరిపోని పిడిని తయారుచేసి, చెయ్యే చిన్నదంటే ఎలా?

కొలత తప్పడం చేతులతోనే ఆగదు. వేలికి పెట్టే ఆక్సీమీటరు చర్మంలోంచి కాంతిని పంపి లెక్క కడుతుంది. నల్లని చర్మం ఉన్నవారిలో అది ఆక్సిజన్‌ని ఉన్నదానికంటే ఎక్కువగా చూపించవచ్చని 2020 డిసెంబరులో మిషిగన్ విశ్వవిద్యాలయం వైద్యులు ప్రచురించారు. మీటరు 92 నుంచి 96 దాకా చూపిస్తున్నా రక్తంలో నిజానికి 88 కంటే తక్కువ ఉన్న సందర్భాలు తెల్లవారిలో 3.6 శాతమైతే, నల్లవారిలో 11.7 శాతం. ఈ మీటర్లని రకరకాల చర్మ ఛాయల వారి మీద పరీక్షించాలంటూ అమెరికా ఎఫ్‌డీఏ 2025 జనవరిలో ఒక ముసాయిదా తెచ్చింది. ఛాయల్లో ఎన్ని రకాలున్నాయో మన ఇళ్లలో పెళ్లి ఫొటో ఒకటి చూస్తే చాలు. ఇది మనకీ పట్టాల్సిన విషయమే.

గదిలో నిలబడి చూడాలి

మరి మంచి ముఖాన్ని ఎలా గీస్తారు? ముందు థియేటర్లో ఒక మూల నిలబడి చూస్తారు. నర్సు ఏ బటన్ దగ్గర ఒక్క క్షణం ఆగింది? ఏ యంత్రం మీద ప్లాస్టర్ ముక్క అంటించి పెన్నుతో 'ఇది ముట్టుకోవద్దు' అని రాసుకున్నారు? ఆ ప్లాస్టర్ ముక్కే అసలు ఫిర్యాదు పత్రం. డిజైన్ ఎక్కడ విఫలమైందో అదే చెబుతుంది.

తర్వాత అట్టముక్కలతోనో, చెక్కతోనో నమూనా చేసి చేతికిస్తారు. గ్లవ్స్ వేయించి, గ్లవ్స్‌కి తడి పూసి, దీపం తగ్గించి వాడమంటారు. ఎవరైనా తప్పు నొక్కితే 'అలా కాదండీ' అని సరిదిద్దరు. ఎందుకు అలా అనుకున్నారో అడిగి రాసుకుంటారు. యంత్రం అమ్మకానికి పోయే ముందు చేసే చివరి పరీక్షకి, వాడేవాళ్లలో ఒక్కో రకం వారికి కనీసం 15 మందిని పిలవాలని ఎఫ్‌డీఏ 2016 మార్గదర్శకాలు చెబుతాయి. సర్జన్లు 15 మంది అయితే నర్సులూ 15 మంది. నర్సుని విడిగా లెక్కపెట్టడం నాకు భలే నచ్చింది.

ఇదంతా ఎక్కడో సముద్రాల అవతలి సంగతి కాదు. విశాఖపట్నంలో మెడ్‌టెక్ జోన్ ఉంది. సంగారెడ్డి జిల్లా సుల్తాన్‌పూర్‌లో మెడికల్ డివైసెస్ పార్కు ఉంది. వైద్య పరికరాలకి ప్రత్యేక నిబంధనలు మన దేశంలో 2018 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చాయి. హైదరాబాద్ ఐఐటీలో బయోమెడికల్ ఇంజనీరింగూ ఉంది, డిజైనూ ఉంది. ఉస్మానియా ఇంజనీరింగ్ కాలేజీలో బయోమెడికల్ కోర్సు ఉంది. ఇంజనీరింగ్ అనగానే కంప్యూటర్లు తప్ప ఇంకోటి తలుచుకోని అమ్మానాన్నలు ఈ దారి కూడా ఒకసారి చూడొచ్చు. ఎదుటివాళ్లు ఎక్కడ ఇబ్బంది పడుతున్నారో పసిగట్టడం ఆడపిల్లలకి ఇంట్లోనే బాగా అలవాటవుతుంది. ఆ అలవాటుకి జీతం కూడా వచ్చే ఉద్యోగం ఇది.

మనలాంటి వాళ్లం చెయ్యగలిగింది కూడా కొంచెం ఉంది. బీపీ మిషనో, షుగరు మీటరో కొనేటప్పుడు ధర ఒక్కటే చూసి రాకండి. దాన్ని వాడబోయే అత్తయ్యగారి చేతికే షాపులో ఇవ్వండి. కళ్లజోడు లేకుండా అంకె కనిపిస్తోందా? ఏది పై అంకె, ఏది కింది అంకె అని ఆవిడే చెప్పగలుగుతున్నారా? తలకిందులుగా పట్టుకుంటే ఏమవుతుంది? ఆవిడ తడబడితే ఆవిణ్ని విసుక్కోకండి, ఇంకో మీటరు చూపించమనండి.

మావయ్యగారు ఇప్పుడు పొద్దున్నే నడకకి వెళ్లి, వస్తూ కూరలు తెస్తున్నారు. మా అమ్మాయి హైస్కూల్లో చదువుతోంది. ఆ నోటు పుస్తకం ఇంకా నా దగ్గరే ఉంది. 98 అని రాసిన చోట కొట్టేసి, పక్కన 86 అని దిద్దుకుని, చాలాకాలం ఆ పేజీ తెరవలేదు. మొన్న తెరిచాను. నా దస్తూరీ ఎక్కడా వణకలేదు. కనిపించింది కనిపించినట్టే రాశాను.